ఊరి అడవికి ఊరే పటం గీసుకోవడం ఎలా?

అటవీ హక్కుల చట్టం (2006) కింద ఊరుమ్మడి అడవి మీద హక్కు కోరే గ్రామసభ ఫారం-సి అనే దరఖాస్తుకు ఒక పటం జత చేయాలి. ఊరి సంప్రదాయ హద్దులు, వాటిలోపలి గుర్తులు అందులో కనిపించాలి. దాన్ని తయారు చేసుకోవాల్సింది సర్వేయర్ కాదు, గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీ. ఏజెన్సీలో ఏ గూడెమైనా ఐదారు రోజుల్లో చేసుకోగల పనే ఇది, వరస తప్పకపోతే.

జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. ఆకు రాలడం మొదలై గట్టు మీంచి గట్టు కనిపిస్తుంది, జీపీఎస్‌కూ ఆకాశం దొరుకుతుంది. మార్చి వస్తే ఇప్పపువ్వు, ఆ తర్వాత తునికాకు. తెల్లారేసరికి ఊరు ఖాళీ. అప్పుడు మీటింగు పెడితే అడవి తెలిసినవాళ్లెవరూ రారు.

ముందు నేల మీద

మొదటి రోజు ఉపగ్రహ చిత్రం, ఫారెస్టు మ్యాపు బయటికి తీయకండి. అచ్చులో గీత కనబడగానే పెద్దలు తమకు తెలిసిన హద్దును దానికి సర్దేస్తారు. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. వన సంరక్షణ సమితికి (అడవి కాపాడేందుకు అటవీ శాఖ ఊళ్లో పెట్టించిన సంఘం) అప్పట్లో అప్పగించిన హద్దు వేరు, ఊరి హద్దు వేరు. చాలా దరఖాస్తుల్లో మొదటిదే రెండోదిగా చలామణీ అయిపోతుంది.

నాలుగైదు గజాల నేల ఊడ్చి, తూర్పు ఎటో గుర్తుపెట్టి, ముందు ఊరిని, తర్వాత వాగును వేయమనండి. బాటలకు ముగ్గుపిండి, వాగులకు బూడిద, గట్లకు రాళ్లు. ఇప్పచెట్లున్న చోట ఇప్పాకు, వెదురున్న చోట వెదురు పుల్ల. ఆడవాళ్లతో వేరే పటం వేయించండి. మగవాళ్ల పటంలో హద్దురాళ్లు, పశువులు తోలే దారులు పడితే, ఆడవాళ్ల పటంలో ఎండాకాలంలోనూ ఎండని చెలమలు, దుంపలు తవ్వే చోట్లు, అడ్డాకు దొరికే వాలు వస్తాయి. రెండూ పక్కపక్కన పెట్టి కలపండి. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, కోళ్లు తొక్కకముందే చార్టు మీద పెన్సిలుతో ఎత్తి రాసుకోండి.

పేర్లు వాళ్లు పలికినట్టే రాయాలి. టోపోషీటులో, అంటే సర్వే ఆఫ్ ఇండియా పటంలో, పేరే లేని వాగుకు ఊళ్లో రెండు మూడు పేర్లుంటాయి, మలుపుకొకటి. కోయ, కువి, గోండి మాటలను తెలుగు లిపిలో పెడితే కొన్ని ధ్వనులు జారిపోతాయి కాబట్టి పేరును ఫోనులో రికార్డు చేసి, ఆ ఫైలు నంబరు పక్కన వేసుకోండి.

హద్దు తిరగడం

వారం ముందే పొరుగూళ్ల కమిటీలకు, అటవీ, రెవెన్యూ శాఖలకు రాతపూర్వకంగా తెలిపి, రసీదు తీసుకోండి. ఆ రసీదు విలువ తర్వాత తెలుస్తుంది. తమవాళ్లు లేనప్పుడు తిరిగారని అటవీ శాఖ అభ్యంతరం చెబితే పరిశీలన మరోసారి చేయాలి. రెండోసారీ వాళ్లు రాకపోతే ఆ పరిశీలనపై గ్రామసభ నిర్ణయమే అంతిమం. 2012 సవరణ నిబంధనల్లో ఉన్న మాట ఇది. పొరుగూరితో హద్దు తగాదా ఉంటే రెండు కమిటీలూ కలిసి కూర్చుని తేల్చిన సంగతిని కాగితం మీద పెట్టాలి. తేలకపోతేనే సబ్ డివిజన్ కమిటీకి.

పదిమంది చాలు: ఇద్దరు ముగ్గురు పెద్దలు, కనీసం ముగ్గురు ఆడవాళ్లు, ఫోను పట్టే కుర్రవాళ్లిద్దరు, ఒకరు నోటుపుస్తకంతో. ఎస్‌డబ్ల్యూ మ్యాప్స్ లాంటి సిగ్నల్ లేకున్నా పనిచేసే ఉచిత యాప్‌ను ముందే ఎక్కించుకోండి. పవర్ బ్యాంకు తప్పనిసరి. నెట్ లేనిచోట ఫోనుకు మొదటి లొకేషన్ దొరకడానికి పది పదిహేను నిమిషాలు పట్టొచ్చు. ఆరుబయట నిలబడి ఓపిక పట్టండి, నడుస్తూ వెతికితే ఇంకా ఆలస్యం. ప్రతి మలుపు దగ్గరా రెండు మూడు నిమిషాలు ఆగి పాయింటు తీసుకోండి. కచ్చితత్వం పది మీటర్లు దాటి చూపిస్తే కాస్త తెరిపిలోకి జరగండి. పాయింటు నంబరు, పేరు, చెప్పినవాళ్లెవరు అనేవి పుస్తకంలోనూ ఉండాలి. ఫోను వాగులో పడితే మిగిలేది అదే.

దారిలో పాత గుడిసెల పునాదులు, సమాధులు, దేవర చెట్లు, ఊటలు వదలకండి. అటవీ హక్కుల నిబంధనల్లో 13వ దాని ప్రకారం ఇవి సాక్ష్యాలు కూడా. పెద్దల వాంగ్మూలం రాసి పెడితే అదీ సాక్ష్యమే. ఒక్కటి చాలదు, ఒకటికి మించి ఉండాలి. ఉపగ్రహ చిత్రం వీటికి తోడు మాత్రమే, వీటి స్థానంలో పెట్టడానికి లేదని నిబంధనలే చెబుతున్నాయి.

జీపీఎస్ తప్పు ఎంత అన్న భయం అడవికి అక్కర్లేదు. 400 హెక్టార్ల అడవి చదరంగా ఉందనుకుంటే చుట్టుకొలత సుమారు 8 కిలోమీటర్లు. అంతటా 5 మీటర్లు తేడా వచ్చినా 4 హెక్టార్లు, అంటే నూటికి ఒకటి. అదే తేడా రెండెకరాల పోడుకొస్తే అయిదో వంతు పోతుంది. పోడు చెక్కలను టేపుతో కొలవండి.

కంప్యూటరు మీద

పటాలు గీసే క్యూజీఐఎస్ ప్రోగ్రాము ఉచితం. పాయింట్లను డబ్ల్యూజీఎస్ 84లో (జీపీఎస్ వాడే అక్షాంశ రేఖాంశాల పద్ధతి) తెచ్చుకుని, విస్తీర్ణం కోసం మీటర్లలో లెక్క చూపే యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి మార్చండి. తెలుగు ఏజెన్సీ ప్రాంతం చాలావరకు అందులోకే వస్తుంది. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ డేటమ్‌లో ఉంటాయి (డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే ఆధారం). మార్చకుండా పైన పరిస్తే హద్దు వంద మీటర్లకు పైగా పక్కకు జరిగి, వాగు అవతల ఉన్న చెలమ ఇవతలికి వస్తుంది. అప్పుడు తప్పు ముసలాయనదని అనుకోకండి, డేటమ్ చూడండి.

దేవర స్థలాలు, మందుచెట్లు, తేనెపట్టు కొండలు బయటికి పోయే పటంలో కచ్చితమైన పాయింట్లుగా ఉండొద్దు. వెడల్పాటి వలయం గీసి వదిలేయండి. వాటి అసలు పాయింట్లు వేరే ఫైలులో ఉండాలి. ఎవరికి చూపాలన్నది గ్రామసభ తీర్మానించాలి.

ప్రింటును మళ్లీ ఊరి మధ్య పరిచి పేర్లు పైకి చదవండి. ఎక్కడో ఒకచోట "అది కాదు, ఇటు" అంటారు. దిద్ది, రెండోసారి చదివాకే తీర్మానం పెట్టండి. గ్రామసభ సభ్యుల్లో సగానికి తగ్గకుండా హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతైనా ఆడవాళ్లుండాలి. పటం మీద కమిటీ సంతకాలతో పాటు తేదీ వేయించి, మూలప్రతి ఊళ్లోనే ఉంచుకుని నకలు మాత్రమే పైకి పంపండి.