ఈత సాధనలో హ్యాండ్ ప్యాడిల్స్: ఎంపిక, కట్టుకునే తీరు, వాడకం

అరచేతులకు తగిలించుకునే ప్లాస్టిక్ పలకలైన హ్యాండ్ ప్యాడిల్స్ కట్టుకుని నీళ్లలోకి దిగేవారిలో ఎక్కువమంది వాటిని కండబలం పెంచే బరువులుగానే చూస్తారు. బలం పెరిగే మాట నిజమే గానీ అది వాటి రెండో ప్రయోజనం. చెయ్యి నీటిని ఏ కోణంలో పడుతున్నదో, ఎక్కడ జారవిడుస్తున్నదో అప్పటికప్పుడు తెలియజేయడమే వాటి మొదటి పని. ఈ సంగతి పట్టించుకోకుండా పెద్ద సైజు ప్యాడిల్స్‌తో లాప్ మీద లాప్ కొట్టేవారికి వేగం కంటే ముందు భుజం నొప్పి వస్తుంది.

అరచేతి కింద ప్లాస్టిక్ పలక చేరగానే నీటిని నెట్టే వైశాల్యం పెరుగుతుంది. నీటి నిరోధం ఆ వైశాల్యాన్ని బట్టీ, చెయ్యి కదిలే వేగపు వర్గాన్ని బట్టీ పెరుగుతుంది కనుక, అంతే బలంతో లాగినా చెయ్యి నెమ్మదిగా కదులుతుంది, ఒక్కో స్ట్రోకుకు శరీరం ముందుకు సాగే దూరం మాత్రం ఎక్కువవుతుంది. ఈ అదనపు భారాన్ని వీపు పక్కలనుండే పెద్ద కండరాలూ ఛాతీ కండరాలూ మోసినంతవరకు ఇబ్బంది లేదు. స్ట్రోకులో లోపముంటే అదే భారం భుజపు కీలును నిలకడగా పట్టి ఉంచే చిన్న కండరాల మీద పడుతుంది, వాటికి అంత ఓర్పు ఉండదు. ఈ చిక్కు కొత్తదేమీ కాదు. 1706లో పుట్టిన అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో బొటనవేలికి రంధ్రం పెట్టిన, సుమారు 10 అంగుళాల పొడవున్న పలకలు చేసుకుని వాటితో ఈదాడు. వేగం పెరిగిందనీ, మణికట్లు మాత్రం అలసిపోయాయనీ తర్వాత రాసుకున్నాడు.

కాబట్టి ఫ్రీస్టైల్ ఇంకా కుదురుకోనివారు, ఊపిరి కోసం తల పూర్తిగా పైకెత్తేవారు, భుజంలో ఇప్పటికే నొప్పి ఉన్నవారు ప్యాడిల్స్ జోలికి పోకపోవడం మంచిది. ఎదిగే వయసు పిల్లలకు కోచ్ పర్యవేక్షణ లేకుండా ఇవ్వకూడదు.

మొదటి జత అరచేతి కంటే కొంచెమే పెద్దదిగా ఉంటే చాలు. చేతిని పలక మీద పెట్టి చూసినప్పుడు నాలుగు పక్కలా అంచు వేలెడు మందానికి మించి బయటికి కనిపిస్తే అది మొదలుపెట్టేవారికి తగినది కాదు. వేళ్లను మాత్రమే కప్పే చిన్న ఫింగర్ ప్యాడిల్స్ భుజం మీద భారం తక్కువగా వేస్తాయి గనుక జాగ్రత్తపరులకు అవే సరిపోతాయి. పట్టీలేవీ లేకుండా, బొటనవేలు దూర్చే రంధ్రంతోనే చేతికి నిలిచే రకం కూడా ఉంది. పలకలో రంధ్రాలు ఉండటం అలంకారం కోసం కాదు. వాటి గుండా కొంత నీరు అరచేతికి తగులుతుంది, ఆ స్పర్శ సాధనకు అవసరం.

ఇక కట్టుకునే తీరు. సాధారణంగా ప్యాడిల్‌కు రెండు రబ్బరు ట్యూబులు ఉంటాయి, ఒకటి మధ్యవేలికి, రెండోది మణికట్టుకు. నా సలహా ఏమిటంటే, మణికట్టు ట్యూబును మొదటి రోజే తీసి పక్కన పెట్టండి. మధ్యవేలి ట్యూబును వేలి మొదలు దగ్గర, రక్తప్రసరణకు అడ్డుపడనంత వదులుగా ఉంచి, పలకను చేతికి అంటిపెట్టే పని నీటి ఒత్తిడికే అప్పగించాలి. అరచెయ్యి సరైన దిశలో వెనక్కి నెడుతున్నంతసేపూ పలక ఊడిపోదు. మోచెయ్యి కిందికి జారితే పలకకూ అరచేతికీ మధ్య నీరు దూరి, మణికట్టు వైపు అంచు టక్కున విడిపోతుంది. స్ట్రోకు చివర నెట్టడం ముందే ఆపేస్తే పలక వేలికి వేలాడుతుంది. మణికట్టు ట్యూబు బిగించి ఉంటే ఈ తప్పులు రెండూ బయటపడవు. పలక ఊడిపోతుందన్న భయంతో వేళ్లతో దాని అంచును గట్టిగా పట్టుకోకూడదు, అలా చేస్తే ముంజెయ్యి బిగుసుకుపోయి తొందరగా అలసిపోతుంది.

నీటిలో చెయ్యి వేసేటప్పుడు వేళ్ల కొనలు ముందుగా, భుజానికి ఎదురుగా ప్రవేశించాలి. బొటనవేలు ముందు దిగేలా చేతిని తిప్పి వేసినా, తల ముందు మధ్యగీతను దాటించినా భుజం లోపలికి మెలిపడుతుంది, ఆ మెలిక మీద ప్యాడిల్ బరువు పడటమే చాలా గాయాలకు మూలం. చెయ్యి ముందుకు చాచాక దాన్ని నిటారుగా కిందికి నొక్కవద్దు. అలా నొక్కితే ఛాతీ పైకి లేస్తుంది, కాళ్లు మునుగుతాయి, ముందుకు కదలిక ఉండదు. మోచేతిని నీటి పైభాగానికి దగ్గరగా నిలిపి, వేళ్లు పూల్ అడుగును చూసేలా ముంజేతిని వంచి, ఆ తర్వాతే వెనక్కి లాగాలి. ముఖ్యంగా ఊపిరి తీసుకునే స్ట్రోకులో ముందున్న చేతిని గమనించండి. చాలామందికి తలకు ఆసరా కోసం ఆ చేతిని కిందికి నొక్కే అలవాటు ఉంటుంది, ప్యాడిల్ ఉన్నప్పుడు ఆ నొక్కుడు మోచేతి దాకా స్పష్టంగా తెలుస్తుంది. ఇంకో అలవాటు, పలక ఇచ్చే జారుడు హాయిగా ఉందని చేతిని ముందు చాచి అలాగే ఆగిపోవడం. ఆ విరామంలో వేగం పడిపోతుంది గనుక చాచిన వెంటనే నీటిని పట్టి వెనక్కి లాగడం మొదలుపెట్టాలి.

వార్మప్ ఎప్పుడూ ప్యాడిల్స్ లేకుండానే, కనీసం 400 మీటర్లు చేయాలి. తర్వాత 50 మీటర్ల చొప్పున ఎనిమిది సార్లు, ఒకసారి ప్యాడిల్స్‌తో, ఒకసారి లేకుండా, మధ్యలో 20 నుంచి 30 సెకన్ల విశ్రాంతితో మధ్యస్థ వేగంలో ఈదండి. ప్రతిసారీ స్ట్రోకులు లెక్కపెట్టుకోండి. ప్యాడిల్స్‌తో లెక్క తగ్గాలి. తగ్గకపోతే నీరు జారిపోతున్నట్టే. తీసేశాక కూడా లెక్క ఆ తగ్గిన సంఖ్యకు దగ్గరగా నిలిస్తే సాధన పనిచేస్తున్నట్టు. అప్పుడప్పుడు ప్యాడిల్స్ తీయగానే ఒక 25 మీటర్లు పిడికిళ్లు బిగించి ఈదితే, నీటిని పట్టే పనిలో ముంజేతి వాటా ఎంతో తెలుస్తుంది. మొదటి వారాల్లో ప్యాడిల్స్ దూరం ఒక పూటకు 200 మీటర్లు, వారానికి రెండు పూటలు చాలు. అలవాటయ్యాక కూడా మొత్తం దూరంలో నాలుగో వంతు దాటించడం నాకు అనవసరంగా తోస్తుంది. పూర్తిగా అలసిపోయిన చివరి సెట్టులో వాడకండి.

తొడల మధ్య ఇరికించుకునే తేలుడు దిమ్మ అయిన పుల్ బాయ్‌తో కలిపి వాడటం రివాజుగా ఉంది. కాళ్ల పని ఆగుతుంది గనుక ధ్యాసంతా చేతుల మీద పెట్టవచ్చు, కానీ భారం కూడా చేతుల మీదికే వస్తుంది, అందుచేత ఆ జోడింపును కొన్ని వారాల తర్వాతికి వాయిదా వేయడం మేలు. బ్యాక్‌స్ట్రోక్‌లో చిటికెనవేలు ముందుగా నీటిలో దిగాలన్నది తప్ప జాగ్రత్తలు దాదాపు ఇవే. బటర్‌ఫ్లైకి చిన్న పలకలే వాడాలి.

భుజం ముందు భాగంలో గుచ్చినట్టుగానీ, మోచేతి లోపలి వైపు లాగినట్టుగానీ అనిపిస్తే ఆ లాప్ ముగిసేదాకా ఆగకుండా అక్కడికక్కడే తీసేయాలి. కండరాల సాధారణ అలసట రెండు పక్కలా సమానంగా ఉంటుంది, సూదిగా ఒకచోట తెలిసే నొప్పి అలసట కాదు. కొన్ని రోజుల విశ్రాంతితో తగ్గకపోతే వైద్యుడికి చూపించాలి.

పోటీల్లో వీటికి చోటు లేదు. వేగానికి తోడ్పడే పరికరాలను అంతర్జాతీయ ఈత సమాఖ్య వరల్డ్ అక్వాటిక్స్ నిబంధనలు అనుమతించవు. పూల్‌లో ఇతరులతో లేన్ పంచుకునేటప్పుడు ముందున్నవారికి ఎడం ఇవ్వండి, ప్లాస్టిక్ అంచు తగిలితే చర్మం చీరుకుపోతుంది. ఈత అయ్యాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. క్లోరిన్‌కూ ఎండకూ రబ్బరు ట్యూబు గట్టిపడి పగుళ్లు తేలుతుంది గనుక, వంచి చూసినప్పుడు పగులు కనిపిస్తే తెగేదాకా ఆగకుండా ట్యూబును మార్చేయండి.