డ్యూటీ చార్టు మీద పరుగు – మూడో పాఠం: రాత్రి డ్యూటీల మధ్య

బెజవాడ డాక్టర్ల కోసం రాస్తున్న ఈ పరుగు పాఠాల్లో, మొదటిదాంట్లో మాట పరీక్ష నేర్చుకున్నాం. పరుగెత్తుతూ పక్కవాళ్ళతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే అది నెమ్మది పరుగు. మాట మధ్యలో తెగుతుంటే, ఆ వేగం మీకు ఇప్పట్లో అక్కర్లేదు. రెండో పాఠంలో 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక చొప్పున అరగంట తిరిగాం. ఆ అరగంట అయ్యాక ఇంకో పది నిమిషాలు తిరగొచ్చనిపిస్తేనే ఈ పాఠంలోకి రండి. లేకపోతే రెండోదే ఇంకో పదిహేను రోజులు చేయండి. ఇక్కడ అటెండెన్స్ షార్టేజీ అంటూ ఏమీ ఉండదు.

బయట దొరికే పరుగు ప్రణాళికలన్నీ సోమవారంతో మొదలై ఆదివారంతో ముగుస్తాయి. సోమవారం విశ్రాంతి, ఆదివారం లాంగ్ రన్ (వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు). పొద్దున తొమ్మిదింటికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చే ఉద్యోగికి అది బాగానే సరిపోతుంది. మనకేమో ఆదివారమే క్యాజువాలిటీ (అత్యవసర విభాగం) డ్యూటీ పడుతుంది. సోమవారం పొద్దున రౌండ్స్ అయ్యేసరికి కళ్ళు మూతలు పడుతుంటాయి, ప్రణాళిక మాత్రం మంగళవారం వేగంగా పరుగెత్తమంటుంది. రెండు వారాలు తప్పేసరికి 'మన వల్ల కాదులే' అని బూట్లు మంచం కిందికి తోసేస్తారు. తప్పు మనిషిది కాదు, క్యాలెండరుది. మన వారానికి ఏడు రోజులుండవు. ఒక డ్యూటీకీ తర్వాతి డ్యూటీకీ మధ్య ఎన్ని రోజులుంటే మన వారం అంతే. దాన్ని ఈ పాఠంలో 'చక్రం' అందాం.

డ్యూటీ చార్టు ముందు పెట్టుకోండి. ప్రభుత్వాసుపత్రిలో పీజీ చేస్తున్నవాళ్ళ లెక్క తీసుకుందాం: నాలుగు రోజులకోసారి 24 గంటల డ్యూటీ. మొదటి రోజు డ్యూటీ. రెండో రోజు డ్యూటీ దిగి, రౌండ్స్ ముగించి, ఏ మధ్యాహ్నానికో గదికి చేరతారు. మూడో రోజు, నాలుగో రోజు మామూలు పని. ఆ తర్వాత మళ్ళీ డ్యూటీ. ఈ చక్రంలో మొదటి రెండు రోజుల మీద గీత కొట్టేయండి. ఆ రోజుల్లో పరుగు లేదు, పరుగు తప్పిందన్న బాధా లేదు. మూడో రోజు పొద్దున 30 నిమిషాలు, పూర్తిగా నెమ్మదిగా. నాలుగో రోజు పొద్దున 40 నిమిషాలు, అదీ నెమ్మదిగానే. అంతే ప్రణాళిక. నాలుగు రోజులకు రెండు పరుగులంటే 28 రోజులకు పద్నాలుగు. నిమిషాల్లో చూస్తే వారానికి రెండు గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామమో, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామమో చెబుతాయి. జాగింగ్ తీవ్ర వ్యాయామం కిందికే వస్తుంది. అంటే ఒక్క డ్యూటీ కూడా మార్చుకోకుండా, ఎవరినీ బతిమాలకుండా, మీరు ఆ లెక్కలోకి వచ్చేశారు.

కిలోమీటర్లు రాసుకోవద్దు, నిమిషాలే రాసుకోండి. నిద్ర చాలని రోజున అదే అరగంటలో తక్కువ దూరం వెళ్తారు. కిలోమీటర్లు లెక్కపెట్టేవాళ్ళు ఆ లోటు పూడ్చాలని వేగం పెంచుతారు. దెబ్బలు తగిలేది అప్పుడే.

రెండో రోజు ఎందుకు వదిలేయాలన్నది కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఉత్సాహం ఉన్నవాళ్ళు సరిగ్గా అక్కడే తప్పు చేస్తారు. రాత్రంతా మేలుకుని, పొద్దున ఏడింటికి క్యాంటీన్‌లో టీ తాగేసరికి ఒంట్లోకి ఎక్కడలేని హుషారొస్తుంది. అది టీ ఇచ్చిన హుషారు, తెల్లారిన వెలుతురు ఇచ్చిన హుషారు. దాన్ని నమ్మి అటునుంచి అటే పరుగుకి వెళ్తే రెండు నష్టాలు. ఒకటి, పొద్దుటి ఎండ కళ్ళలో పడ్డకొద్దీ శరీరంలోని గడియారం 'పగలైంది, లే' అంటుంది. గదికెళ్ళి పడుకున్నా నిద్ర పట్టదు. రెండోది, కెఫీన్ సగానికి తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది, దాని మీద పరుగు వేడి. ఆ పగటి నిద్ర పోయిందంటే ఇక మూడో రోజూ పోయినట్టే. కాబట్టి డ్యూటీ దిగిన రోజున చేయాల్సిన సాధన నిద్రే. ఇంటికెళ్ళేటప్పుడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకోండి, గదిలో కర్టెన్ వేయండి, తెల్లవారుజామున మూడు తర్వాత టీ కాఫీలు ముట్టొద్దు. ఆ మత్తులో స్కూటర్ నడపొద్దు కూడా, ఆటో ఎక్కండి. సాయంత్రం లేచాక కాళ్ళు లాగుతుంటే ఇరవై నిమిషాలు నడిచి రండి.

వరసగా ఏడు రాత్రులు పడితే? అప్పుడు చక్రం తిరగబడుతుంది. పగలు పడుకుని లేచాక, సాయంత్రం డ్యూటీ ఎక్కడానికి కనీసం రెండు గంటల ముందు ముగిసేలా, 25 నిమిషాలు చొప్పున వారంలో రెండుసార్లు. లాంగ్ రన్ ఊసే వద్దు. వారం పాటు తగ్గిస్తే గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం పెద్దగా పడిపోదు. ఆ వారంలో మీ పని ఉన్నదాన్ని నిలుపుకోవడమే.

ఇక సొంత ప్రాక్టీసు ఉన్నవాళ్ళు. సూర్యారావుపేట, గవర్నర్‌పేటల్లో సాయంత్రం ఓపీ చూసేవాళ్ళకి రాత్రి డ్యూటీ లేదనే మాటే గానీ, ఆఖరి పేషెంటు వెళ్ళి, ఇంటికొచ్చి, భోంచేసి పడుకునేసరికి పన్నెండవుతుంది. అయిదింటికి అలారం. అయిదు గంటల నిద్రతో రోజూ పరుగెత్తేవాళ్ళకి నా సలహా ఒక్కటే: పడుకోండి. వారంలో ఓపీ పలచగా ఉండే రెండు సాయంత్రాలు మీకే తెలుసు. ఆ మర్నాళ్ళు, ఆదివారం కలిపి మూడు పొద్దుటిపూటలు చాలు. ఆ రెండు రాత్రులు మాత్రం తొమ్మిదికల్లా భోజనం, పదిన్నరకల్లా మంచం. ఈ ఊళ్ళో రాత్రి పదకొండుకి గోంగూర, ఆవకాయ వేసుకుని తిని పొద్దున అయిదింటికి పరుగెత్తితే గుండెల్లో మంట ఎలా ఉంటుందో ప్రయోగం చేసి చూడక్కర్లేదు, మన దగ్గరికొచ్చే పేషెంట్లే చెబుతారు.

ఇక్కడ ఒక సందేహం తప్పకుండా వస్తుంది: 'వార్డుల్లో రోజంతా తిరుగుతూనే ఉన్నాం కదా, మళ్ళీ ఇదెందుకు?' సందేహం మరీ తీసిపారేసేది కాదు. 1953లో జెర్రీ మోరిస్ బృందం లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చేసిన పరిశోధనలో, లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండె జబ్బులు తక్కువని తేలింది. వ్యాయామం గురించి ఇవాళ మనం పేషెంట్లకి చెప్పే మాటలకి మూలం అక్కడే ఉంది. మోరిస్ 99 ఏళ్ళు బతికాడు, తనూ పరుగు మొదలుపెట్టాడు. కాబట్టి లిఫ్ట్ మానేసి మెట్లెక్కండి, మంచిదే. కానీ వార్డు తిరుగుడు మంచానికో ఆగుడు. పాదాలు అలుస్తాయి, శ్వాసకి పని పడదు. అరగంట ఆగకుండా సాగే పనిలో గుండె ఒక్కో స్పందనకి ఎక్కువ రక్తం తోడటం నేర్చుకుంటుంది, కండరాల్లో కేశనాళికలూ (సన్నటి రక్తనాళాలు) మైటోకాండ్రియాలూ (కణాలకి శక్తినిచ్చే భాగాలు) పెరుగుతాయి.

వైద్యం చదువుతూ పరుగెత్తినవాళ్ళలో అందరికంటే పేరున్నవాడు రోజర్ బానిస్టర్. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తినప్పుడు ఆయన లండన్ సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో వైద్య విద్యార్థి. ఆ రోజు పొద్దున ఆస్పత్రికి వెళ్ళాకే ఆక్స్‌ఫర్డ్ రైలెక్కాడు. మధ్యాహ్నం భోజన విరామంలో దగ్గరున్న ట్రాకుకి వెళ్ళి సాధన చేసి మళ్ళీ పనిలోకి వచ్చేవాడు. ఆ ఏడాదే పోటీలు మానేసి తర్వాత న్యూరాలజిస్టుగా స్థిరపడ్డాడు. ఆయన చేసిన సాధన మనకొద్దు. అవి మైలు పందెం కోసం చేసిన వేగపు పరుగులు, పైగా బెజవాడ మధ్యాహ్నపు ఎండలో భోజన విరామం పరుగు అంటే క్యాజువాలిటీలో మంచం బుక్ చేసుకున్నట్టే. తీసుకోవాల్సింది ఆస్పత్రి వదిలినంత సమయంలోనే సాధన ఇమిడ్చిన ఆ పద్ధతిని.

ఎంత పెంచాలి? మూడో రోజు పరుగు 30 నిమిషాల దగ్గరే ఉంచండి. పెంచేది నాలుగో రోజుదే. మొదటి రెండు చక్రాలు 40, మూడో చక్రంలో 45, నాలుగో చక్రంలో వెనక్కి 30కి. అయిదో చక్రంలో 45తో మళ్ళీ ఎక్కండి. మెట్టు దిగడం దేనికంటే, ఎముక కోసం. కొత్త బరువు పడగానే ముందు ఆస్టియోక్లాస్టు కణాలు పాత ఎముకని తవ్వుతాయి, ఆ తర్వాతే ఆస్టియోబ్లాస్టు కణాలు నింపుతాయి. మన ఊళ్ళో రోడ్డు పనుల్లాగే తవ్వకం కొద్ది వారాల్లో అయిపోతుంది, పూడ్చడానికి నెలలు. అందుకే మొదలుపెట్టిన నెలా రెణ్ణెల్లకి, గుండె 'ఇంకా పరుగెత్తు' అంటున్నప్పుడే, ఎముక అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) లోపలి అంచున అరచేయంత మేర నొప్పి ఉండి, ఒళ్ళు వేడెక్కాక తగ్గితే తగ్గించి కొనసాగించొచ్చు. ఒక్క వేలితో చూపించగలిగే చోట నొప్పి ఉంటే, రాత్రి పడుకున్నా సలుపుతుంటే, ఆపి ఆర్థోపెడిక్ మిత్రుడికి చూపించండి. ఎముకలో సన్నటి పగులున్నా మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చని ఆయనకి మీరు చెప్పక్కర్లేదు గానీ, మీరు గుర్తుపెట్టుకోండి.

రోజుకి ఎంతమంది నాడి చూస్తారో, తమ నాడి చూసుకున్న డాక్టర్లు అంత తక్కువ. నిద్ర లేవగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర పూర్తి నిమిషం లెక్కపెట్టండి. డ్యూటీ దిగిన రోజు లెక్క వదిలేసి, మూడో నాలుగో రోజుల లెక్కలు కొన్ని చక్రాలు రాస్తే మీ మామూలు అంకె తెలుస్తుంది. ఏ పొద్దునైనా దానికంటే 8, 10 ఎక్కువుంటే ఆ రోజు పరుగు నడకగా మార్చండి. నిద్ర తీరలేదో, ఓపీ నుంచి ఏదో జ్వరం తెచ్చుకుంటున్నారో అయ్యుంటుంది. జ్వరం ఉంటే అసలు వద్దు. మయోకార్డైటిస్ (గుండె కండరపు వాపు) మాట మీకు కొత్త కాదు. పరుగులో ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, ఇంట్లో చిన్నవయసు హఠాన్మరణం, నలభై దాటి షుగరో బీపీయో ఉండటం, వీటిలో ఏదున్నా ముందు కార్డియాలజిస్టు దగ్గరికి పేషెంటుగా వెళ్ళండి. కారిడార్లో నిలబడి ఈసీజీ చూపించి 'బానే ఉందిలే' అనిపించుకోవడం పరీక్ష కాదు.

చోటు గురించి కాస్త. ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు. సీతానగరం వైపు వెళ్ళి వస్తే రెండున్నర కిలోమీటర్లకి కొంచెం తక్కువ. ఎత్తుపల్లాలు లేవు, నది మీద గాలి తగులుతుంది, నీడ మాత్రం ఉండదు. అది వాహనాలు తిరిగే దారి, చీకట్లో వెళ్తే వెలుతురుకి మెరిసే చొక్కా వేసుకుని ఎదురుగా వచ్చే బండ్లు కనిపించే వైపే పరుగెత్తండి. మే నెలాఖరుకి అయిదున్నరకే పొద్దు పొడుస్తుంది, జనవరిలో ఆరున్నర దాటుతుంది. ఇంకా అలవాటు పడనివాళ్ళకి బందరు రోడ్డు మీదున్న మున్సిపల్ స్టేడియం నయం. కాళ్ళు మొరాయిస్తే ఇంటికి ఎంత దూరమన్న బెంగ ఉండదు. కుక్కలు వెంటపడితే పరుగాపి నడవండి. యాంటీ రేబిస్ కోసం మీరే లైన్లో నిలబడాల్సి వస్తే మీ హౌస్ సర్జన్లు చాలాకాలం చెప్పుకుంటారు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మాట పరీక్ష ఒక్కటే నమ్మండి, గడియారాన్ని కాదు. ఒళ్ళు వేడికి అలవాటుపడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ప్లాస్మా (రక్తంలోని ద్రవం) పరిమాణం పెరుగుతుంది, చెమట ముందే మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. ఈలోపు అదే ఆయాసానికి వేగం తగ్గడం సహజం. కృష్ణ ఒడ్డున గాల్లో తేమ ఎక్కువున్న పొద్దున చెమట కారుతుందే తప్ప ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అలాంటి పొద్దున నాలుగో రోజు పరుగుని కూడా 30 దగ్గరే ఆపేయండి.

నీళ్ళూ ఉప్పూ వచ్చే పాఠంలో. 2002 బోస్టన్ మారథాన్ ముగించినవాళ్ళలో రక్తం పరీక్షించినప్పుడు 13 శాతం మందికి సోడియం తక్కువగా కనిపించింది. నీళ్ళు చాలక కాదు, ఎక్కువైనందువల్లే అందులో చాలామందికి అలా జరిగింది. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, ఓఆర్‌ఎస్‌లలో దేనికి ఎక్కడ స్థానమో అప్పుడు చూద్దాం.

దానికి ముందు ఒక పని చేసి పెట్టుకోండి. వచ్చే నెల డ్యూటీ చార్టు రాగానే చక్రాలు గీసి, పరుగు రోజులు పెన్సిల్‌తో గుర్తించండి. పెన్సిల్ ఎందుకంటే, చార్టు మారుతుంది. ఏదో ఒక నాలుగో రోజున పరుగుకి ముందు మూత్రానికి వెళ్ళొచ్చి బరువు చూసుకోండి, వచ్చాక మళ్ళీ చూసుకోండి. మధ్యలో తాగిన నీళ్ళు మిల్లీలీటర్లలో రాసిపెట్టండి. రెండుసార్లూ ఒకే తూకం యంత్రం వాడండి, బట్టలు విప్పి, ఒళ్ళు తుడుచుకుని ఎక్కండి. తడిసిన చొక్కాతో ఎక్కితే అందులో ఇంకిన చెమట కూడా మీ బరువులోనే పడి, ఎంత చెమట పోయిందన్న లెక్క తప్పుతుంది.