ఇంట్లో తీసిన సినిమాను డీవీడీకి ఎక్కించినప్పుడు మాట, పెదవి కలవకపోతే ఎలా సరిచేయాలి?

కంప్యూటర్‌లో బాగానే ఆడిన సినిమాలో డీవీడీకి ఎక్కించాక పెదవులు ఒకటి పలుకుతూ చెవికి మరొకటి వినిపిస్తుంటే, చాలామంది వెంటనే శబ్దాన్ని టైమ్‌లైన్ (ఎడిటింగ్‌లో చిత్రం, శబ్దం వరుసగా పేర్చే పట్టీ) మీద కాస్త అటో ఇటో జరిపి మరో డిస్కు రాసేస్తారు. మొదటి సన్నివేశం కుదురుతుంది గాని, అరగంట గడిచేసరికి తేడా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. లోపం ఏ రకానిదో కొలవకుండా దిద్దితే ఇలాగే అవుతుంది.

కావలసిన సాధనాలు తక్కువే: ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో, వీడియోను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే హ్యాండ్‌బ్రేక్, శబ్దాన్ని దిద్దే ఆడాసిటీ, మీకు అలవాటైన ఎడిటింగ్, డీవీడీ తయారీ సాఫ్ట్‌వేర్లు, చెరిపి మళ్ళీ రాయగల డీవీడీ-ఆర్‌డబ్ల్యూ ఒకటి. హెడ్‌ఫోన్లు వైరు ఉన్నవే వాడాలి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు తమ వంతు ఆలస్యాన్ని కలుపుతాయి కాబట్టి ఈ పనికి పనికిరావు.

మొదట అసలు ఫైలును మీడియాఇన్ఫోలో తెరిచి ఫ్రేమ్ రేటును (సెకనుకు ఎన్ని చిత్రాలో), శాంపిల్ రేటును (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి నమోదు చేశారో) చూడండి. డీవీడీలో చిత్రం సెకనుకు 25 ఫ్రేములతో గాని, 29.97 ఫ్రేములతో గాని ఉంటుంది. శబ్దం 48 కిలోహెర్ట్జ్‌లో ఉండాలి. ఫోన్‌తో తీసిన వీడియోలో ఫ్రేమ్ రేటు తరచుగా నిలకడగా ఉండదు, వెలుతురును బట్టి మారుతూ పోతుంది. అలాంటి ఫైలును ఎడిటింగ్‌లోకి నేరుగా తీసుకోకూడదు. ముందు హ్యాండ్‌బ్రేక్‌లో స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకోవాలి. విడిగా ఉన్న సంగీతాన్నీ మాటలనూ 48 కిలోహెర్ట్జ్ వేవ్ (శబ్దాన్ని కుదించకుండా దాచే) ఫైళ్ళుగా మార్చి పెట్టుకోండి. ఎంపీ3ని టైమ్‌లైన్ మీద పెట్టవద్దు.

ఇక అసలు కష్టం కొలవడంలోనే ఉంది. సినిమా మొదట్లో ఒకచోట, నడుమ ఒకచోట, చివర ఒకచోట, కంటికీ చెవికీ ఒకేసారి అందే క్షణాలను ఎంచుకోవాలి. చప్పట్లు ఉంటే అంతకంటే మంచిది లేదు. లేకపోతే మనిషి ముఖం దగ్గరగా కనిపించే చోట ప, బ, మ అక్షరాలు పలికే క్షణాన్ని వెతకండి: ఈ మూడూ పెదవులు పూర్తిగా మూసుకుంటే తప్ప పలకవు, కాబట్టి మూసిన పెదవులు విడివడే ఫ్రేము స్పష్టంగా దొరుకుతుంది. ప, బ అయితే మరీ మేలు. పెదవులు విడిన చోటే శబ్దతరంగంలో నిట్టనిలువుగా ఒక గీత లేస్తుంది. చిత్రంలో ఆ క్షణం ఏ సమయానికి ఉందో, శబ్దంలో ఏ సమయానికి ఉందో రెండూ విడివిడిగా కాగితం మీద రాసుకోండి. కంటి అంచనాతో సరిపెట్టుకోవద్దు.

మూడుచోట్లా తేడా ఒకేలా ఉంటే శబ్దాన్ని అంతమేర జరిపితే చాలు. నడుమ కొంత, చివర దానికి రెట్టింపు అన్నట్లు క్రమంగా పెరుగుతూ పోతే అది వేగంలో తేడా. ఒక పద్ధతి లేకుండా ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువ అయితే ఫ్రేమ్ రేటు మారుతూ ఉండటమో, ఫ్రేములు పోవడమో కారణం. అప్పుడు టైమ్‌లైన్ మీద ఎంత శ్రమపడినా లాభం లేదు, అసలు ఫైలు దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాలి.

వేగంలో తేడా ఉన్నప్పుడు, మొదటి గుర్తు నుంచి చివరి గుర్తు వరకు శబ్దంలో ఉన్న దూరాన్ని చిత్రంలో ఉన్న దూరంతో భాగించండి. చిత్రంలో 3000 సెకన్లు, శబ్దంలో 3003 సెకన్లు వచ్చిందనుకుంటే నిష్పత్తి 1.001. అంటే 29.97 ఫ్రేముల వీడియోను ఏదో ఒక సాఫ్ట్‌వేర్ 30గా ఆడిస్తోందని అర్థం, గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. నిష్పత్తి 0.919 దగ్గర ఉండి గొంతులు సన్నగా వినిపిస్తే, 44.1 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని 48గా చదువుతున్నారన్నమాట. ఈ రెండు సందర్భాల్లోనూ శబ్దాన్ని సాగదీయడం తప్పు. తప్పుగా నమోదైన రేటును సరిచేస్తే చాలు, శబ్దం దానంతటదే కుదురుకుంటుంది.

మాటలను వేరే రికార్డరులో పట్టినప్పుడు మాత్రమే శబ్దం నిడివి మార్చాలి, ఎందుకంటే రెండు పరికరాల గడియారాలు అచ్చంగా ఒకే వేగంతో నడవవు. శబ్దం మొత్తం నిడివిని పై నిష్పత్తితో భాగించి, ఆడాసిటీలో వేగం మార్చే చోట కొత్త నిడివిగా ఇవ్వండి. శ్రుతి మారకుండా టెంపో ఒక్కటే మార్చే సదుపాయం కూడా అందులో ఉంది గాని, నేను దాన్ని వాడనివ్వను. ఇంత చిన్న మార్పుకు శ్రుతి తేడా చెవికి అందదు, టెంపో మార్పు మాత్రం మాటల అంచులను గరుకు చేస్తుంది. పది నిమిషాలకొకసారి శబ్దాన్ని కోసి జరిపే పద్ధతి ఇంకా నాసిరకం. కోసిన చోట మాత్రమే కుదిరి, మరుక్షణం నుంచి మళ్ళీ జారుతుంది. వెనక సంగీతం ఉంటే తాళం తెగుతుంది. వేగం దిద్దిన తరువాతే జరపడం గురించి ఆలోచించాలి, ముందు జరిపితే ఆ లెక్క చెడిపోతుంది.

ఎంతవరకు కుదిరితే చాలు? 25 ఫ్రేముల చిత్రంలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం ప్రకారం శబ్దం సుమారు 45 మిల్లీసెకన్లు ముందొస్తే గాని, 125 మిల్లీసెకన్లు వెనకబడితే గాని ప్రేక్షకుడికి తెలుస్తుంది. దూరపు శబ్దం ఆలస్యంగా చేరడం మనకు అలవాటే కాబట్టి, సందేహం వస్తే శబ్దాన్ని ఒక ఫ్రేము వెనకే ఉంచండి, ముందుకు మాత్రం పోనివ్వకండి.

శబ్దాన్ని డీవీడీలు వాడే ఏసీ-3 రూపానికి మార్చి, ముందు డిస్కు ఇమేజ్ (డిస్కులోకి వెళ్ళేదంతా ఉండే ఒకే ఫైలు) మాత్రమే తయారుచేసి వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో చూడండి. అందులో జే, కే మీటలు నొక్కిన ప్రతిసారీ శబ్దం 50 మిల్లీసెకన్లు జరుగుతుంది. ఆ మార్పు ఆడేటప్పుడు మాత్రమే ఉంటుంది గాని ఫైలులోకి ఎక్కదు, కాబట్టి ఎంత జరిపారో గుర్తుంచుకొని టైమ్‌లైన్‌లో దిద్దాలి.

తరువాత డీవీడీ-ఆర్‌డబ్ల్యూ మీద రాసి, ప్లేయరులో పెట్టి చివరి అధ్యాయం నుంచి చూడటం మొదలుపెట్టండి. అక్కడ తేడా కనిపిస్తే అదే టీవీ మీద కొనుక్కున్న డీవీడీ ఒకటి ఆడించండి. దానిలోనూ అంతే తేడా ఉంటే, టీవీ చిత్రాన్ని మెరుగుపరచడానికి తీసుకునే వ్యవధే కారణం. టీవీ లేదా యాంప్లిఫయర్ సెట్టింగుల్లో శబ్దపు ఆలస్యాన్ని దిద్దుకోవాలి గాని డిస్కును ముట్టుకోకూడదు.