మాయను పారేయనివ్వకండి

కడుపులో బిడ్డ గుండె ఆగిపోయిందని స్కానింగులో తేలగానే ఇంటివాళ్లందరూ అడిగేది ఒక్కటే: ఎందుకిలా జరిగింది? ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా 27 ఏళ్లు పనిచేశాను. ఆ ప్రశ్నకు జవాబు చాలాసార్లు మాయలోనే, అంటే బిడ్డ తరువాత బయటికొచ్చే ప్లాసెంటాలోనే దొరుకుతుంది. ఒక కాన్పులో ఆ మాయను నా చేతులతోనే ఆసుపత్రి వ్యర్థాలు పారేసే పసుపు సంచిలో వేశాను. ఏడాది తిరిగాక ఆ తల్లి మళ్లీ గర్భంతో వచ్చి కారణం అడిగితే, చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

తల్లికి అప్పుడు అడిగే ఓపిక ఉండదు. భర్తో, అక్కో, అమ్మో ఆ పని చేయాలి. కాన్పు కాకముందే డాక్టరుతో "మాయను పాథాలజీ పరీక్షకు పంపండి" (ల్యాబులో కోసి, మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష) అని చెప్పి, కేసు షీటులో రాయించండి. షిఫ్టు మారితే నోటిమాట మరుగున పడిపోతుంది. మాయను పాతిపెట్టే ఆచారం మీ ఇంట్లో ఉంటే అదీ ముందే చెప్పండి.

జన్యు పరీక్ష, కల్చర్ (క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్ష) అవసరమా అని కూడా అప్పుడే అడగండి. అవసరమైతే మాయ చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేయకముందే ముక్క తీయాలి. తరువాత తీస్తే పనికిరాదు. ల్యాబుకు చేర్చడం ఆలస్యమైతే మాయను ఫ్రిజ్‌లో ఉంచవచ్చు గానీ గడ్డకట్టించకూడదు. మాయతో వెళ్లే కాగితంలో ఎన్నో వారం, బీపీ, షుగర్, బిడ్డ బరువు, కదలికలు ఎప్పుడు తగ్గాయి అన్నవి ఉన్నాయో లేదో చూడండి. ఆ వివరాలు లేకపోతే పాథాలజిస్టు చూసినదానికి అర్థం చెప్పడం కష్టం.

నెలలు నిండిన మాయ సుమారు అర కిలో ఉంటుంది. బిడ్డకు ఊపిరీ తిండీ దాని గుండానే అందుతాయి. తల్లి రక్తం సరిగా అందకపోతే అందులో కొంత భాగం చచ్చుబడుతుంది. కాన్పుకు ముందే మాయ గర్భసంచి నుంచి విడిపోతే దాని వెనక రక్తం గడ్డకడుతుంది. కొన్నిసార్లు ఇన్ఫెక్షన్ ఆనవాళ్లు కనిపిస్తాయి. ఎంత వెతికినా కారణం తేలని కేసులూ ఉన్నాయి, అది ముందే తెలుసుకోండి. అయినా పరీక్ష చేయించాలనే అంటాను. "బొప్పాయి తిన్నది, గ్రహణం నాడు బయటికొచ్చింది" అంటూ ఆ తల్లినే తప్పుపట్టే బంధువులను నేను చాలామందిని చూశాను. ఆ మాటలు వింటుంటే ఇప్పటికీ నా కడుపు రగులుతుంది.

రిపోర్టు వచ్చాక దాన్ని డాక్టరు దగ్గర కూర్చుని అర్థమయ్యేదాకా చెప్పించుకోండి. మళ్లీ నెల తప్పితే మొదటి చెకప్‌కే తీసుకెళ్లండి. తక్కువ మోతాదు ఆస్పిరిన్ అవసరమని డాక్టరు అనుకుంటే 16 వారాలలోపే మొదలుపెట్టడం మంచిది. బిడ్డ ఎదుగుదల స్కాన్లు, డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) ఎప్పుడెప్పుడు చేయాలో నిర్ణయించేటప్పుడు ఆ రిపోర్టు కూడా చూస్తారు.