పాత ఫైబర్ తెరచాప పడవ: చుక్కాని గుంజుతుంటే మాస్ట్ కింద చూడండి

మా బావ చెన్నైలో కొన్న 26 అడుగుల తెరచాప పడవ ఇప్పుడు రేణిగుంట దగ్గర మా ఫైబర్ షెడ్డులో ఉంది. 1970లలో ఇంగ్లండులో చేసిన పడవ, అడుగున రెండు కీల్స్ (పడవ కింద నిలువుగా దిగే బరువైన రెక్కలు) ఉన్న రకం, కాబట్టి ఏ ఆసరా లేకుండా నేల మీద నిలబడుతుంది. సముద్రం లేని ఊరికి లారీ మీద పడవను ఎందుకు తెచ్చారని షెడ్డుకు వచ్చిన ప్రతి మనిషీ అడుగుతాడు. ఆరబెట్టడానికి తెచ్చాం. సముద్రపు గాలి తేమలో తడిసిన ఫైబర్ ఎన్ని నెలలున్నా సరిగా ఆరదు, మన ఏప్రిల్, మే ఎండల్లో ఆరుతుంది.

ఇలాంటి పాత పడవ ఉన్నవాళ్లు ఒక్కో లక్షణానికి ఒక్కో రిపేరు చేయిస్తూ డబ్బు పోసేస్తారు. మా పడవలో మూడు పెద్ద సమస్యలకూ మూలం ఒక్క స్క్రూ రంధ్రం. అందుకే మేము వెతుక్కుంటూ పోయిన వరసలోనే రాస్తున్నాను.

చుక్కాని కర్ర చేతిని గుంజేస్తోంది, వదిలితే ముక్కు గాలివైపు తిరుగుతోంది

అందరూ మొదట చుక్కానినే అనుమానిస్తారు. మా బావ అయితే పెద్ద చుక్కాని చేయిద్దామని కొలతలు కూడా తీసుకున్నాడు, నేనే ఆపాను. కొంచెం గుంజడం మంచిదే, కర్రను మూడు నుంచి ఐదు డిగ్రీలు పక్కకు పట్టుకుంటే పడవ తిన్నగా పోవాలి. భుజం నొప్పి పుట్టేంత గుంజితే మాత్రం పడవ ఎక్కువగా ఒరుగుతోందని అర్థం. ఒరిగినప్పుడు తెరచాప బలం పడవ మధ్యగీత మీద కాకుండా పక్కన నీళ్ల పైకి జరుగుతుంది, అక్కడి నుంచి తోసేసరికి ముక్కు గాలివైపు తిరుగుతుంది. పాత తెరచాప సాగిపోయి సంచిలా ఉబ్బితే ఇది ఇంకా పెరుగుతుంది.

పైసా ఖర్చు లేనివి ముందు చేయండి. పెద్ద తెరచాప తాడు కొంచెం వదలండి. దాని కింది అంచును వెనక్కి బిగించి బట్టను చదును చేయండి. ఒరుగు 20 డిగ్రీలు దాటితే తెరచాపను కింద నుంచి ఒక మడత వేసి చిన్నది చేయండి, వేగం పడిపోతుందని భయం వద్దు, చాలాసార్లు పెరుగుతుంది. అయినా గుంజితే మాస్ట్, అంటే తెరచాప కట్టే నిలువు స్తంభం, వెనక్కి వాలి ఉందేమో చూడాలి. తాపీ మేస్త్రీ గోడ నిలువు చూసే గుండు ఉంటుంది కదా, అలాంటి బరువును తెరచాప ఎత్తే తాడుకు కట్టి వేలాడదీస్తే వాలు ఎంతో తెలిసిపోతుంది. పడవ నీళ్ల మీద సమంగా నిలిచి ఉన్నప్పుడే ఈ కొలత తీయాలి.

ఒరుగు విషయంలో ఒక మాట. 1950, 60ల నాటి పాత పడవలు చాలా వరకు సన్నగా ఉంటాయి. 1959 న్యూయార్క్ బోట్ షోలో వచ్చిన పియర్సన్ ట్రైటన్‌నే తీసుకోండి, కార్ల్ ఆల్బర్గ్ డిజైన్, పొడవు 28 అడుగుల 6 అంగుళాలైతే వెడల్పు 8 అడుగుల 3 అంగుళాలే. ఇలాంటివి చిన్న గాలికే కాస్త ఒరిగి, ఆ తర్వాత కీల్ బరువు అందుకుని గట్టిగా నిలబడతాయి. మొదటి ఒరుగుకే టెన్షన్ పడి తెరచాప దించేయకండి.

గాలికి ఎదురు పోవట్లేదు, పక్కకు జారుతోంది

ముందు మన ఆశ సరైనదో కాదో చూసుకోవాలి. నీటి గీత దగ్గర పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఈ రకం పడవ వేగానికి హద్దు నాట్లలో వస్తుంది. వెస్టర్లీ సెంటార్ 1969 నుంచి 1980 వరకు రెండు వేలకు పైగా తయారైన రెండు కీల్స్ పడవ, నీటి గీత పొడవు 21 అడుగుల 4 అంగుళాలు. లెక్క వేస్తే 6.2 నాట్లు, అంటే గంటకు పదకొండున్నర కిలోమీటర్లు. అది నీళ్లలోకి దిగేది కూడా మూడడుగులే. తక్కువ లోతులో తిరగడానికి అది వరం, కానీ పక్కకు జారకుండా పట్టే శక్తి లోతైన కీల్ అంత ఉండదు. గాలికి 40 డిగ్రీలకు బిగించి పట్టుకుంటే ఆగిపోతుంది, 50కి వదిలి వేగం తెచ్చుకుంటే జారడం తగ్గుతుంది.

అడుగున నత్తగుల్లలు పట్టాయేమో చూసి గీకించండి. చెన్నై లాంటి వెచ్చటి నీళ్లలో కదలకుండా నిలబడిన పడవకు అవి త్వరగా పడతాయి.

ఇవన్నీ అయ్యాక కూడా మా పడవ మొరాయించింది. అప్పుడు చూస్తే మాస్ట్‌ను ముక్కువైపు పట్టి ఉంచే ముందు తీగ వదులై విల్లులా వంగుతోంది, దాంతో ముందు తెరచాప ఉబ్బిపోతోంది. మాస్ట్‌ను రెండు పక్కలా పట్టి ఉంచే తీగలు బిగించాం. రెండు వారాలకు మళ్లీ వదులు. మళ్లీ బిగించాం.

తీగలు బిగిస్తే లోపల టాయిలెట్ తలుపు పట్టేస్తోంది

దీన్ని చిన్న విషయమని వదలకండి, మాకు అసలు సంగతి చెప్పింది ఆ తలుపే. మాస్ట్ డెక్ (పడవ పై తలం) పైన నిలబడే పడవల్లో తీగల బిగువంతా మాస్ట్ ద్వారా డెక్ మీదికి దిగుతుంది, కింద ఒక చెక్క దూలమో స్తంభమో దాన్ని మోయాలి. ఆ చెక్క కుళ్లితే డెక్ కుంగుతుంది, తలుపు చట్రం నలుగుతుంది, తీగలు వదులవుతాయి. ట్రైటన్ పడవలవాళ్లకు ఈ దూలం సంగతి బాగా తెలుసు.

డెక్ మీద, మాస్ట్‌కు రెండు వైపులా ఒక తిన్నటి బద్ద పెట్టి చూడండి, మధ్యలో సందు కనిపిస్తే కుంగినట్టే. ఇక తీగలు బిగించకండి, బిగించేకొద్దీ ఇంకా కుంగుతుంది. మాస్ట్ దించి, కింద నుంచి జాకీతో మెల్లగా లేపి, దూలం మార్చాలి.

డెక్ మీద అడుగేస్తే మెత్తగా దిగుతోంది

డెక్ రెండు పల్చటి ఫైబర్ పొరలు, మధ్యలో బాల్సా చెక్క గానీ ప్లైవుడ్ గానీ ఉంటుంది. పడవ కింది భాగం మందంగా గట్టిగానే ఉంటుంది, ఎందుకంటే తొలిరోజుల్లో ఫైబర్ బలం మీద నమ్మకం చాలక తయారీదార్లు మందంగా పోశారు. దెబ్బతినేది డెక్కే. ఎవరో ఎప్పుడో బిగించిన స్క్రూ చుట్టూ సీలెంట్ ఎండిపోతుంది, వాననీళ్లు చెక్కలోకి దిగుతాయి. మా పడవలో మాస్ట్ పక్కన తాడు కట్టే కొక్కెం ఒకటుంది, దాని స్క్రూ నుంచే నీళ్లు దిగి ముందు డెక్, తర్వాత దూలం కుళ్లాయి.

కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు చిన్న సుత్తి పిడితో డెక్ అంతా తట్టండి. కంగుమంటే బాగున్నట్టు, మొద్దుగా మోగితే తడి ఉన్నట్టు. చుట్టూ సుద్దముక్కతో గీయండి. చిన్న మచ్చయితే రంధ్రం పెద్దది చేసి, కుళ్లు తీసి, ఆరబెట్టి, ఎపాక్సీ (కలిపితే రాయిలా గట్టిపడే జిగురు) నింపి, అందులోనే కొత్తగా రంధ్రం వేసుకోండి, అప్పుడు స్క్రూ లీకైనా నీళ్లు చెక్కను తాకవు. చాలా దూరం పాకితే పై పొర కోసి చెక్కే మార్చాలి.

మన ఎండలో ఎపాక్సీని బకెట్‌లో కలపొద్దు, కప్పులోనే పొగలొచ్చి గట్టిపడుతుంది. స్లో హార్డెనర్ (ఎపాక్సీని మెల్లగా గట్టిపరిచే రకం) తీసుకోండి, వెడల్పాటి ట్రేలో కొంచెం కొంచెం కలపండి, తెల్లవారుజామునే పని మొదలుపెట్టండి.

అడుగున నీళ్లు చేరుతున్నాయి

నాలుక మీద ఒక చుక్క వేసి ఉమ్మేయండి. ఉప్పగా ఉంటే ఇంజిన్ షాఫ్ట్ దగ్గరా, వాల్వుల దగ్గరా, కీల్ బోల్టుల దగ్గరా చూడాలి. చప్పగా ఉంటే వాన, లేదా మంచినీళ్ల ట్యాంకు. రెండు కీల్స్ పడవల్లో కీల్ అతుకు వెంట పగులు కనిపిస్తే బోల్టులు బిగించి ఊరుకోవద్దు, లోపల అడ్డపట్టీలు వేసి ఫైబర్‌తో కలిపేయాలి.

నీళ్లలో మునిగే భాగంలో బొబ్బలు

ఏళ్ల తరబడి నీళ్లలో ఉంటే తేమ పై పొరలోంచి లోపలికి పోతుంది, రెసిన్‌లో మిగిలిన పదార్థాలతో కలిసి ఇంకా నీళ్లను లాక్కుంటుంది. బొబ్బ చిదిపితే వెనిగర్ వాసన వస్తుంది. పది ఇరవై ఉంటే పడవ మునిగిపోదు, కంగారు పడకండి. వాటిని గీకి తెరిచి, మంచినీళ్లతో చాలాసార్లు కడిగి, పూర్తిగా ఆరాకే ఎపాక్సీ పూయాలి. ఆరిందో లేదో తెలియాలంటే పారదర్శక ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. మాకు మార్చిలో ప్లాస్టిక్ కింద చెమట పట్టింది, ఏప్రిల్‌లోనూ పట్టింది. మే మూడో వారంలో పొడిగా కనిపించాకే ఎపాక్సీ డబ్బా తెరిచాం.