కొత్తగా సైకడెలిక్ బ్యాండు పెట్టినవాళ్లకు, మిక్సర్ వెనక నుంచి

వేదికకు ఎదురుగా, జనం వెనక, మిక్సర్ ముందు నిలబడి బ్యాండ్ల శబ్దాన్ని సరిచేసే పని నాది. అన్ని రకాల సంగీతానికీ ఈ పని చేస్తాను గానీ, మనసు మాత్రం సైకడెలిక్ రాక్, అంటే వింత శబ్దాలతో, సాగే బాణీలతో మత్తులో తేలుతున్నట్టుండే సంగీతం, వాయించే కుర్ర బ్యాండ్ల దగ్గరే ఉంటుంది. వాళ్లు మొదట అడిగేది ఏ పెడళ్లు (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలు) కొనాలని. పెడళ్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ డ్రమ్మరూ బేస్ వాయించే మనిషీ ఇద్దరే కలిసి పది నిమిషాలు వాయించి వినిపించండి అంటాను. ఆ పది నిమిషాలూ వినబుద్ధయితే ఆ బ్యాండుకు భవిష్యత్తు ఉందని నా నమ్మకం.

శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు. ఈ సంగీతంలో ఆ మాట అక్షరాలా నిజం. బీటిల్స్ 1966లో రికార్డు చేసిన పాటల్లో ఒకటి దాదాపు మొత్తం ఒకే కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మీద నడుస్తుంది. అడుగున తంబురా మోగుతూ ఉంటుంది. రింగో స్టార్ డ్రమ్స్ మీద ఒకే నడక పట్టుకుని వదలరు. టేపు ముక్కల కొసలు అతికించి చుట్టలుగా తిప్పిన వింత శబ్దాలు ఆ పైన వచ్చిపోతుంటాయి. వినేవాళ్లు చెప్పుకొనేది ఆ వింతల గురించే. కానీ అడుగున ఆ శ్రుతీ లయా కదలకుండా ఉండబట్టే అవి అంత వింతగా వినిపించాయి.

అందుకే సాధన ఇలా మొదలుపెట్టండి. ఒక కార్డ్, ఒక వేగం ఎంచుకుని ఇరవై నిమిషాలు ఆపకుండా వాయించండి. ముందు డ్రమ్స్, బేస్. కాసేపటికి కీబోర్డు ఒకే స్వరం పట్టుకుని చేరాలి. గిటార్ అందరికంటే చివర. ఒక్కసారికి ఒక్కరే మారాలన్న నియమం పెట్టుకోండి. బేస్ కొత్త దారి పట్టిందంటే, మిగిలినవాళ్లు ఆ మార్పును కనీసం ఎనిమిది తాళ ఆవర్తాలు విన్నాకే కదలాలి. ఎవరైనా ముందుకు రావాలనుకుంటే వాళ్లు శబ్దం పెంచకూడదు, పక్కవాళ్లు తగ్గి చోటివ్వాలి. అయిదారు నిమిషాలయ్యేసరికి ప్రతి ఒక్కరికీ ఏదో ఒకటి చేసెయ్యాలనిపిస్తుంది. ఆ తొందరను అణుచుకోండి. దాన్ని దాటిన తర్వాతే డ్రమ్మరు భుజాలు వదులవుతాయి, బేస్ వాయించే మనిషి వేళ్లకేసి చూసుకోవడం మానేస్తాడు. నాకు ఈ సంగీతంలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అది.

ఫోను గది మధ్యలో పెట్టి అంతా రికార్డు చేయండి. వినడం మాత్రం మర్నాడు, ఎవరికి వారు విడిగా. నచ్చిన చోట నిమిషం, సెకను కాగితం మీద రాసుకోండి. అందరి కాగితాల్లోనూ ఒకే చోటు కనిపిస్తే మీకొక పాట దొరికినట్టే. దాన్ని చిన్నదిగా చేయడానికి సంకోచించకండి. పింక్ ఫ్లాయిడ్ లండన్ యూఎఫ్ఓ క్లబ్బులో ఒక్కో బాణీని ఎంతో సేపు సాగదీసి వాయించిన రోజుల్లోనే, 1967లో, విడుదల చేసిన మొదటి రెండు సింగిళ్లూ (విడిపాటల రికార్డులు) మూడు నిమిషాలు దాటలేదు. పొడుగు వెర్షను వేదికకు, పొట్టిది కొత్త శ్రోతకు. రెండూ మీ దగ్గర ఉండాలి.

ఇప్పుడు పెడళ్లు. మొదటి ఏడాదికి మూడు చాలు: శబ్దాన్ని బరకగా చేసే ఒక ఫజ్, ప్రతిధ్వనినిచ్చే ఒక ఎకో, శబ్దాన్ని అలల్లా ఊపే ఒక ఫేజర్. గిటార్ నుంచి వచ్చే కేబుల్ నేరుగా ఫజ్‌లోకి వెళ్లాలి. జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేసిన పాతకాలపు ఫజ్ సర్క్యూట్లకు మధ్యలో ఇంకో పెడల్ అడ్డొస్తే శబ్దం పలచబడిపోతుంది. దాని వెనక ఫేజర్, ఎకో చివర. ఎకో ముందు పెట్టి ఫజ్ వెనక పెడితే ప్రతిధ్వనులన్నీ ముద్దగా కలిసిపోతాయి. అలా కావాలని చేసేవాళ్లూ ఉన్నారు, కానీ అది రెండో ఏడాది ప్రయోగం. ఎకో వేగాన్ని పాట వేగంతో కలపడానికి చిన్న లెక్క ఉంది: 60,000ను నిమిషానికి ఎన్ని దెబ్బలో ఆ సంఖ్యతో భాగించండి. నిమిషానికి 100 దెబ్బలైతే ఒక దెబ్బకు 600 మిల్లీసెకన్లు. అందులో ముప్పావు వంతు, అంటే 450, పెడితే ప్రతిధ్వని దెబ్బల సందుల్లో పడి పాటను ముందుకు తోస్తుంది. పింక్ ఫ్లాయిడ్ తొలి గిటారిస్టు సిడ్ బారెట్ వాడిన ఎకో యంత్రం బిన్సన్ ఎకోరెక్‌లో టేపు లేదు, తిరిగే అయస్కాంత చక్రం చుట్టూ శబ్దాన్ని తిరిగి వినిపించే కొన్ని హెడ్లు ఉండేవి. ఒక్కో హెడ్ ఒక్కో దూరంలో ఉండటంతో ప్రతిధ్వనుల్లోనే ఒక లయ పుట్టేది.

ఇద్దరు గిటారిస్టులుంటే, ఒకరి ఎకో పొడుగ్గా ఉన్నప్పుడు రెండోవారు పొడిగా, అంటే ఎకో లేకుండా, వాయించాలి. నా మిక్సర్ బల్ల దగ్గర ఎక్కువగా తేడా కనిపించేది ఇక్కడే. యాంప్లిఫయర్‌ను చెవులకు ఎదురుగా వాల్చి పెట్టుకోండి. కాళ్ల దగ్గర మోగుతుంటే మీకు చాలదనిపించి పెంచుతారు, ముందు వరసవాళ్లకు మాత్రం చెవులు చిల్లులు పడతాయి. గొంతుకు ఎకో మీరే వేసుకుంటే, ఎకో లేని గొంతు కూడా ఇంకో కేబుల్‌లో సౌండ్ మనిషికి ఇవ్వండి. హాలే ఎంతో కొంత ప్రతిధ్వనిస్తుంది కాబట్టి, ఆ పొడి గొంతు లేకపోతే మాటలు ఎవరికీ అర్థం కావు.

ఇయర్‌ప్లగ్గులు మొదటి రిహార్సల్ నుంచే పెట్టుకోండి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెళ్ల శబ్దాన్ని 8 గంటలు భరించవచ్చు, 100 డెసిబెళ్లయితే 15 నిమిషాలే.

తొలి ప్రదర్శనలకు ముప్పై, నలభై నిమిషాల సెట్ చాలు. పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దం రానివ్వకండి. గిటారిస్టు శ్రుతి సరిచేసుకుంటున్నంతసేపూ కీబోర్డు ఒక స్వరం పట్టుకుని ఉంటే ఆ మత్తు చెదరదు. వెలుగుల కోసం పెద్ద ఖర్చు అక్కర్లేదు. 1960ల నాటి పద్ధతే ఇప్పటికీ అందంగా ఉంటుంది: పాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద గాజు పళ్లెం, అందులో నూనె, రంగునీళ్లు, పైన ఇంకో పళ్లెంతో మెల్లగా నొక్కుతూ ఉండటం. వేగంగా వెలిగి ఆరే స్ట్రోబ్ లైటు వాడితే మూర్ఛ ఉన్నవాళ్లకు ప్రమాదం కనుక గుమ్మం దగ్గర తప్పకుండా హెచ్చరిక రాసి పెట్టండి.

మత్తుమందుల విషయం దాటవేయను. ఈ సంగీతం పేరే వాటి నుంచి వచ్చింది. ఎల్ఎస్‌డీ వాడకం, చెదిరిపోతున్న మానసిక స్థితి మధ్య సిడ్ బారెట్ 1968లో తాను నడిపించిన బ్యాండుకే దూరమయ్యారు. పైన చెప్పిన ఇరవై నిమిషాల సాధనకు కావలసింది తేటగా వినే చెవి. ఆ చెవిని మొద్దుబార్చే దేన్నీ రిహార్సల్ గదిలోకి రానివ్వకండి.

వేదికలు దొరకకపోతే మీరే తయారు చేసుకోండి. అమెరికాలోని ఆస్టిన్‌లో బ్లాక్ ఏంజెల్స్ బ్యాండు సభ్యులు మిత్రులతో కలిసి 2008లో ఆస్టిన్ సైక్ ఫెస్ట్ మొదలుపెట్టారు. అదే తర్వాత లెవిటేషన్ పేరుతో పెద్ద ఉత్సవమైంది. మరో రెండు బ్యాండ్లను పిలిచి, ఒకే డ్రమ్ సెట్, ఒకే యాంప్లిఫయర్లు పంచుకుంటే మూడు బ్యాండ్ల శ్రోతలూ ఒక్కచోట చేరతారు.

మొదటి రికార్డింగ్ అందరూ ఒకే గదిలో కలిసి వాయించి చేయండి. టేమ్ ఇంపాలా పేరుతో వచ్చిన ఆల్బమ్‌ల కోసం కెవిన్ పార్కర్ దాదాపు అన్నీ తానే వాయించి రికార్డు చేసుకున్న మాట నిజమే, కానీ మీది బ్యాండు. వినైల్ మీద తెచ్చే ఆలోచన ఉంటే ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా ఆపండి. అంతకంటే పొడుగైతే గాళ్లు ఇరుకై, శబ్దం తగ్గిపోతుంది. మెల్‌బోర్న్ బ్యాండు కింగ్ గిజర్డ్ అండ్ ద లిజర్డ్ విజర్డ్ 2017లో ఒకే ఏడాది అయిదు ఆల్బమ్‌లు తెచ్చింది. అందులో ఒకదాన్ని ఎవరైనా ముద్రించి అమ్ముకోవచ్చని ఉచితంగా ఇచ్చేసింది. అది చూసి తొందరపడే పిల్లలు చాలామంది. ఆ బ్యాండు మొదలైంది 2010లో అని వాళ్లకు గుర్తుచేస్తుంటాను.

రికార్డింగుకు వెళ్లే ముందు ఒక కాగితం రాసుకోండి. కలిసి వాయిస్తుండగా పుట్టిన పాట ఎవరిది? నా సలహా, గదిలో ఉన్న అందరికీ సమాన వాటా, సాహిత్యం రాసినవారి పేరు విడిగా. బ్యాండు నుంచి ఎవరైనా వెళ్లిపోతే పేరు ఎవరికి ఉంటుంది, కలిసి కొన్న యాంప్లిఫయర్లు ఎవరికి చెందుతాయి అన్నది కూడా అందులోనే రాసి, తేదీ వేసి, అందరూ సంతకాలు పెట్టి తలా ఒక ప్రతి ఉంచుకోండి.