ఓపెన్‌లో ఉన్న ఎక్సెల్, టాలీలను స్క్రిప్టుతో నడపడం

ప్రతి నెలా 14న జీఎస్టీఆర్-2బీ వస్తుంది, అంటే మనకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల జాబితా. దాన్ని మన పర్చేజ్ రిజిస్టర్‌తో పోల్చి చూసుకోవాలి. 20కల్లా 3బీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్న్, వేసేయాలి. ఆ మధ్య రోజుల్లో మా సీఏ ఆఫీసులో ఏ సిస్టమ్ చూసినా ఒకపక్క ఎక్సెల్, ఇంకోపక్క టాలీ (అకౌంట్లు రాసే సాఫ్ట్‌వేర్) తెరిచే ఉంటాయి. "అన్నీ మూసేయండమ్మా, స్క్రిప్ట్ రన్ చేయాలి" అంటే ఆర్టికల్స్ (సీఏ శిక్షణలో ఉన్న పిల్లలు) నా మీదకి వస్తారు. అందుకే నేను రాసే పైథాన్ స్క్రిప్టులు కొత్తగా ఏదీ తెరవవు. నడుస్తున్నదాన్నే పట్టుకుని పని చేసి వదిలేస్తాయి.

కొంతమంది మొదటే కీబోర్డు మీద పడతారు: ఆల్ట్-ట్యాబ్ కొట్టించడం, ఫలానా చోట మౌస్ క్లిక్ చేయించడం. మధ్యలో వాట్సాప్ నోటిఫికేషన్ వచ్చిందంటే అంకెలు వెళ్లి చాట్‌లో పడతాయి. ముందు ఆ ప్రోగ్రామే లోపలికి దారి ఇస్తుందేమో చూడండి. ఎక్సెల్ ఇస్తుంది, టాలీ ఇస్తుంది. ఏ దారీ లేని ప్రోగ్రాములకే బటన్లు నొక్కించడం. ఇక్కడ ఆదేశాల పేర్లు తెలుగులో రాస్తున్నాను, కోడ్‌లో మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి.

ఎక్సెల్‌కి పైవిన్32 చాలు, పైథాన్‌తో విండోస్ ప్రోగ్రాములను నడిపే ప్యాకేజీ అది. అందులో విన్32కామ్.క్లయింట్ కింద డిస్పాచ్, డిస్పాచ్ఈఎక్స్, గెట్‌యాక్టివ్‌ఆబ్జెక్ట్ అని మూడు ఉంటాయి. డిస్పాచ్ఈఎక్స్ ఎప్పుడూ కొత్త ఎక్సెల్ మొదలుపెడుతుంది. డిస్పాచ్ నడుస్తున్నది దొరికితే దాన్ని పట్టుకుంటుంది, దొరక్కపోతే చప్పుడు చేయకుండా కొత్తది మొదలుపెడుతుంది. అది తెర మీద కనిపించదు, టాస్క్ మేనేజర్‌లో మాత్రం కూర్చుని ఉంటుంది. మనకు కావాల్సింది గెట్‌యాక్టివ్‌ఆబ్జెక్ట్. దానికి "ఎక్సెల్.అప్లికేషన్" అని పేరిస్తే తెరిచి ఉన్నదాన్ని ఇస్తుంది, లేకపోతే ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రరే మేలు, స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది.

ఎక్సెల్ కళ్ల ముందే ఉన్నా ఒక్కోసారి "ఆపరేషన్ అన్‌అవైలబుల్" అని -2147221021 వస్తుంది. నడుస్తున్న ప్రోగ్రాములు తమ పేరు నమోదు చేసుకోవడానికి విండోస్‌లో రన్నింగ్ ఆబ్జెక్ట్ టేబుల్ అనే పట్టిక ఉంది. ఎక్సెల్ తెరిచిన వెంటనే అందులో పేరు రాయించుకోదు. దాని విండో మీద నుంచి ఫోకస్ మొదటిసారి పక్కకు పోయినప్పుడు, అంటే మనం వేరే విండోలోకి వెళ్లినప్పుడు, రాయించుకుంటుంది. వేరే విండో మీద ఒకసారి క్లిక్ చేసి మళ్లీ రన్ చేయండి. అయినా అదే ఎర్రర్ వస్తే స్క్రిప్టును అడ్మినిస్ట్రేటర్‌గా నడుపుతున్నారేమో చూసుకోండి. ఎక్సెల్ మామూలు యూజర్‌గా, స్క్రిప్ట్ అడ్మిన్‌గా ఉంటే ఒకటికొకటి కనిపించవు.

పైథాన్ బదులు పవర్‌షెల్‌లో (విండోస్ సొంత స్క్రిప్టు భాష) రాసేవాళ్లకు ఒక మాట. 5.1లో మార్షల్ క్లాసు కింద ఉన్న గెట్‌యాక్టివ్‌ఆబ్జెక్ట్ 7లో లేదు. కొత్త డాట్‌నెట్‌లోంచి దాన్ని తీసేశారు. ఈ పనికి 5.1 వాడుకోవడమే సుఖం.

పట్టుకున్నాక యాక్టివ్‌వర్క్‌బుక్‌ను నమ్మకండి. స్క్రిప్ట్ నడుస్తుండగా మనిషి ఇంకో ఫైలు మీద క్లిక్ చేస్తే అదే యాక్టివ్ అయిపోతుంది, మన అంకెలు అందులోకి వెళ్తాయి. వర్క్‌బుక్స్‌లో ఫైలు పేరు, వర్క్‌షీట్స్‌లో షీటు పేరు ఇచ్చి తీసుకోండి. ఆ తర్వాత ఏదైనా రాసే ముందు సేవ్‌కాపీయాజ్‌తో నకలు తీసి పెట్టండి. స్క్రిప్ట్ చేసిన మార్పులకు కంట్రోల్-జెడ్ పని చేయదు, మనిషి అంతకుముందు చేసుకున్నవాటి అన్‌డూ కూడా పోతుంది. నకలు ఉంటే గొడవ లేదు.

అందరికీ తగిలే ఎర్రర్ ఇంకోటి ఉంది: "కాల్ వాజ్ రిజెక్టెడ్ బై కాలీ", -2147418111. ఎవరో సెల్‌లో డబుల్ క్లిక్ చేసి, సగం టైప్ చేసి, టీకి వెళ్లారని అర్థం. సెల్ ఎడిట్‌లో ఉన్నంతసేపూ ఎక్సెల్ బయటి నుంచి ఏ మాటా వినదు. ఏదైనా డైలాగ్ బాక్స్ తెరిచి ఉన్నా అంతే. నా స్క్రిప్టుల్లో ఈ నంబరు వస్తే ఒక సెకను ఆగి మళ్లీ ప్రయత్నించే చిన్న ఫంక్షన్ ఉంటుంది. పదిసార్లకీ కాకపోతే "ఎక్సెల్‌లో ఎంటర్ కొట్టండి" అని మెసేజ్ చూపించి ఆగుతుంది.

రెండువేల వరసల పర్చేజ్ రిజిస్టర్‌ను సెల్ తర్వాత సెల్ చదివితే నత్తనడకే. రేంజ్ మొత్తాన్ని ఒకేసారి వాల్యూతో లాగి, పోలికంతా పైథాన్‌లో చేసి, "2బీలో లేదు", "పన్ను తేడా" లాంటి రిమార్కుల కాలమ్ మొత్తం ఒకే దెబ్బకు తిరిగి రాయండి. మధ్యలో స్క్రీన్‌అప్‌డేటింగ్, క్యాలిక్యులేషన్ సెట్టింగులు మార్చారా, ఎర్రర్ వచ్చినా తప్పక నడిచే ఫైనల్లీ బ్లాకులో వాటిని మొదట ఎలా ఉన్నాయో అలా పెట్టేయండి. చుట్టాలింటికి వెళ్లినవాళ్లు వాళ్ల ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పి వచ్చేయరు కదా! క్విట్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పిలవొద్దు. మనం తెరవని ఎక్సెల్‌ను మూసే హక్కు మనకు లేదు.

టాలీకి ఇంకో దారి. నడుస్తున్న టాలీప్రైమ్ ఒక పోర్టు మీద వింటూ ఉండగలదు, మామూలుగా అది 9000. ఎఫ్1 నొక్కి సెట్టింగ్స్‌లో కనెక్టివిటీకి వెళ్లి, క్లయింట్/సర్వర్ కాన్ఫిగరేషన్‌లో "బోత్" పెట్టి, టాలీని ఒకసారి మూసి తెరవాలి. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 9000 కొడితే సర్వర్ నడుస్తోందని చిన్న జవాబు రావాలి. అది రాకుండా కోడ్ మొదలుపెట్టకండి, తప్పు కోడ్‌లో ఉందో సెట్టింగ్‌లో ఉందో తెలియక బుర్ర వేడెక్కుతుంది.

తర్వాత పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీతో ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ కవరును (ట్యాగుల మధ్య రాసిన సందేశం) ఆ పోర్టుకు పోస్ట్ చేయడమే. టాలీలో మనిషి ఏ స్క్రీన్‌లో ఉన్నాడో మామూలుగా పట్టించుకోనక్కర్లేదు. రెండు మూడు కంపెనీలు ఒకేసారి తెరిచి ఉండటం మామూలే కాబట్టి ఎస్‌వీకరెంట్‌కంపెనీ ట్యాగులో పేరు తప్పకుండా ఇవ్వండి, టాలీలో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే. సగం షాపుల పేర్లలో "అండ్ సన్స్"లోని అండ్‌కి & గుర్తు ఉంటుంది, దాన్ని నేరుగా రాస్తే ఎక్స్‌ఎమ్‌ఎల్ చెడిపోతుంది. పైథాన్‌లో ఉన్న ఎస్కేప్ ఫంక్షన్‌లోంచి పంపండి. వోచర్లు లోపలికి పంపేటప్పుడు స్టేటస్ 200 వచ్చిందని సంబరపడొద్దు, సందేశం చేరిందని మాత్రమే దానర్థం. జవాబులో క్రియేటెడ్ ఎన్ని, ఎర్రర్స్ ఎన్ని అని ఉంటుంది, అవి చదవాలి. అదే ఫైలు రెండోసారి పంపితే ఎంట్రీలు డబుల్ అయ్యే ప్రమాదం ఉంది. పంపినవాటి నంబర్లు ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకోండి.

ఇక ఏ దారీ ఇవ్వని పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు. వీటికి పైవిన్‌ఆటో, విండోల్లో బటన్లు నొక్కించే పైథాన్ లైబ్రరీ. కొత్తగా తెరిచే స్టార్ట్ కాకుండా, నడుస్తున్నదాన్ని పట్టుకునే కనెక్ట్ వాడాలి. విండో టైటిల్లో పార్టీ పేరో తేదీయో మారుతూ ఉంటుంది కాబట్టి పాత్‌లో ఆ ప్రోగ్రామ్ ఈఎక్స్‌ఈ ఫైలు ఇచ్చి పట్టుకోవడం గట్టి పద్ధతి. ప్రింట్‌కంట్రోల్‌ఐడెంటిఫయర్స్ పిలిస్తే లోపలి పెట్టెలు, బటన్ల పేర్లన్నీ వస్తాయి. ఏమీ రాకపోతే బ్యాకెండ్‌ను (విండో లోపలికి చూసే పద్ధతిని) విన్32 నుంచి యూఐఏకి మార్చి చూడండి.

పెట్టెలో రాయడానికి టైప్‌కీస్ కంటే సెట్‌ఎడిట్‌టెక్స్ట్ నయం. టైప్‌కీస్‌కి శాతం గుర్తు అంటే ఆల్ట్, ప్లస్ అంటే షిఫ్ట్. "18%" అని పంపితే మెనూలు తెరుచుకుంటాయి. విత్‌స్పేసెస్ చెప్పకపోతే ఖాళీలను మింగేస్తుంది కూడా. బటన్లకు యూఐఏలో ఇన్వోక్ వాడండి. క్లిక్‌ఇన్‌పుట్ నిజం మౌస్‌నే కదిలిస్తుంది. స్క్రీన్ లాక్ అయినా, రిమోట్ డెస్క్‌టాప్ కిటికీ మూసేసి వెళ్లిపోయినా అది పని చేయదు. రాత్రికి వదిలి వెళ్లే పనుల్లో క్లిక్‌ఇన్‌పుట్ ఒక్కటి కూడా లేకుండా చూసుకోండి.